ఆ చుక్క రాయా? రాకెట్టా?

ఎండాకాలం సెలవులు. మీరు అంతర్వేది ఇసుకలో కూర్చుని ఉన్నారనుకోండి. పడమట వశిష్ఠ గోదావరి అవతల సూర్యుడు దిగిపోయి గంటయింది. చుక్కలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఇంతలో నైరుతి మూల ఒక చుక్క లేచి ఈశాన్యం వైపు నడక సాగించింది. మినుకు మినుకుమనదు. చప్పుడు లేదు. ఎర్ర దీపం, పచ్చ దీపం లేవు. కాబట్టి విమానం కాదు. నాలుగు నిమిషాలు అలా నడిచి, నడినెత్తి దాటాక, ఎవరో లాంతరు ఒత్తి తగ్గించినట్టు మసకబారి మాయమయింది.

"ఏమిటది?" అన్నాడు మీ తమ్ముడు.

"ఉపగ్రహం" అన్నారు మీరు.

"నీకెలా తెలుసు?"

చాలా మంచి ప్రశ్న. ఆ చుక్కని మీరు ముట్టుకోలేదు. దాని ఆకారం చూడలేదు. మీ కంటికి చేరింది రవ్వంత వెలుగు మాత్రమే. ఆ రవ్వంత వెలుగును పట్టుకుని అది ఏమిటో, ఎంతుందో, దేనితో తయారయిందో చెప్పటం సాధ్యమేనా?

సాధ్యమే. ఆ పని మీ ఊళ్లోనే ఎప్పుడో జరిగింది. చీకటి రాత్రి కాలవగట్టు మీద దూరాన ఒక దీపం కనపడుతుంది. మనిషి కనపడడు. అయినా మీ తాతయ్య "ఎవరో లాంతరు పట్టుకుని నడిచివస్తున్నారు" అంటారు. ఆయనకెలా తెలిసింది? దీపం కదులుతోంది, కాబట్టి ఎవరో తెస్తున్నారు. వెలుగు కాస్త ఎర్రగా, పసుపుగా ఉంది. టార్చిలైటయితే తెల్లగా ఉండేది. నడిచేవాడి కాలు అడ్డుపడ్డప్పుడల్లా వెలుగు తగ్గి మళ్లీ పెరుగుతోంది. కాబట్టి నడిచే వస్తున్నాడు, సైకిలు మీద కాదు.

కదలిక, వెలుగులో హెచ్చుతగ్గులు, రంగు. ఆధారాలు మూడే మూడు. ఖగోళ శాస్త్రజ్ఞులు పట్టుకునేది కూడా సరిగ్గా ఈ మూడింటినే.

ఒక చిక్కు కథ

2020 సెప్టెంబరులో హవాయి దీవుల్లోని ఒక పెద్ద టెలిస్కోపుకు కొత్త చుక్క ఒకటి దొరికింది. ఏదో గ్రహశకలం అనుకుని దానికి '2020 ఎస్ ఓ' అని పేరు పెట్టారు.

గ్రహశకలాలంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్లు. ఎక్కువభాగం కుజుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంటాయి. కొన్ని మాత్రం దారి తప్పి భూమి కక్ష్య దగ్గరికి వస్తాయి. ఇలాంటివాటిని ఇంతవరకు దాదాపు 40 వేలు గుర్తించారు. వీటి మీద కన్నేసి ఉంచటం సరదాకు కాదు. 2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద ఒక రాయి ఆకాశంలోనే పేలిపోయింది. దాని అడ్డుకొలత 20 మీటర్లు మాత్రమే. అయినా ఆ పేలుడు తాకిడికి వేల కిటికీల అద్దాలు పగిలి సుమారు 1500 మందికి గాయాలయ్యాయి. అది సూర్యుడు ఉన్న దిక్కునుంచి రావటంతో ముందుగా ఎవరూ చూడలేకపోయారు.

సరే, మన కొత్త చుక్క దగ్గరికి వద్దాం. దాని నడక శాస్త్రజ్ఞులకు వింతగా తోచింది. సూర్యుడి చుట్టూ అది తిరిగే దారి ఇంచుమించు భూమి దారిలాగే ఉంది. మామూలు గ్రహశకలాలు మన పక్కనుంచి రివ్వున దూసుకుపోతాయి. ఇది మాత్రం తీరుబడిగా వస్తోంది. ఇంకో వింత ఏమంటే, సూర్యకాంతి దీన్ని పక్కకు తోస్తోంది!

కాంతి తోస్తుందా అని ఆశ్చర్యపోకండి. కాంతికి కూడా పిసరంత తోపుడు బలం ఉంది. పెద్దగాలి వీచినప్పుడు పెరట్లో ఖాళీ డబ్బా దొర్లిపోతుంది. పక్కనే ఉన్న కొబ్బరికాయ కదలదు. అలాగే ఆ తోపుడుకు గట్టిరాయి చలించదు. లోపల బోలుగా, పైకి పెద్దదిగా ఉన్న వస్తువయితే కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. అంటే 2020 ఎస్ ఓ రాయి కాదేమో, ఖాళీ డబ్బా ఏమో!

దాని దారిని లెక్కకట్టి వెనక్కి, వెనక్కి నడిపించి చూశారు. 1966 సెప్టెంబరులో అది భూమి దగ్గరే ఉన్నట్టు తేలింది. 1966 సెప్టెంబరు 20న అమెరికా 'సర్వేయర్ 2' అనే నౌకను చంద్రుడి మీదికి పంపింది. ఆ నౌక చంద్రుడి మీద కూలిపోయింది. దాన్ని మోసుకెళ్లిన 'సెంటార్' రాకెట్టు పైభాగం మాత్రం అంతరిక్షంలోకి జారిపోయింది. ఇది అదేనా?

అనుమానం బలంగానే ఉంది. కాని అనుమానం రుజువు కాదు. రుజువు కావాలంటే మిగిలిన రెండు ఆధారాలూ కావాలి. ఈ కథను ఇక్కడ కాస్త ఆపి వాటి సంగతి చూద్దాం.

మొదటి ఆధారం: కదలిక

నక్షత్రాలు ఒకదానికొకటి ఎడం మార్చుకోవు. ఈ రాత్రి ఒక మూలను గీసుకుని రేపు రాత్రి మళ్లీ గీస్తే రెండు బొమ్మలూ ఒకటే. వాటిలో ఒక చుక్క జరిగి ఉంటే అది నక్షత్రం కాదు.

ఈ ఉపాయంతోనే మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ 1861 ఏప్రిల్ 17న ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం గనక దానికి 'ఏషియా' అనే పేరు పెట్టారు. అప్పట్లో కోనసీమ కూడా మద్రాసు రాజధానిలో భాగమే. నక్షత్రాల వెలుగును కొలిచే తూనికరాయిని ఇచ్చినవాడు కూడా ఈ పాగ్సనే. వెలుగు తరగతుల్లో 5 తేడా ఉంటే వెలుగులో నూరు రెట్ల తేడా ఉన్నట్టు లెక్క అని ఆయన 1856లో సూచించాడు. ఈనాటికీ అదే లెక్క.

పాగ్సన్ తరువాత మనదేశం నుంచి కొత్త గ్రహశకలం దొరకటానికి వంద సంవత్సరాలు దాటింది. తమిళనాడులోని కావలూరు వేధశాలలో రాజమోహన్ బృందం 1988 ఫిబ్రవరి 17న ఒకదాన్ని పట్టుకుంది. దానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. ఆ వేధశాలకు పెట్టిన పేరు వైణు బాప్పుది. ఆయన చదివింది హైదరాబాదు నిజాం కాలేజీలో. వాళ్ల నాన్నగారు పనిచేసింది నిజామియా వేధశాలలో. పిల్లవాడిగా ఉన్నప్పుడే టెలిస్కోపుతో స్నేహం కుదిరిందన్నమాట.

ఇక మీరు అంతర్వేదిలో చూసిన చుక్క. అది కొద్ది నిమిషాల్లో ఆకాశం దాటిందంటే మనకు చాలా దగ్గరలో ఉన్నట్టు. ఉదాహరణకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మనకు 400 కిలోమీటర్ల పైన, సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంది. భూమిని ఒక చుట్టు చుట్టటానికి దానికి గంటన్నర చాలు. ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు. మనకు చీకటి పడినా, అంత ఎత్తున దానికి ఎండ ఇంకా తగులుతూనే ఉంటుంది. ఆ ఎండే మెరుస్తుంది. తూర్పు వైపు పోతూ పోతూ భూమి నీడలోకి జొరబడిందో, దీపం ఆరిపోతుంది. అదీ మీ తమ్ముడికి చెప్పవలసిన జవాబు.

రెండవ ఆధారం: వెలుగులో హెచ్చుతగ్గులు

ఒక పొడుగుపాటి కొబ్బరికాయను పీచు తీయకుండా తెచ్చి, అడ్డంగా వేలాడేటట్టు నడుముకు తాడు కట్టండి. చీకటి గదిలో ఒక పక్కనుంచి టార్చి వేసి కాయను నెమ్మదిగా తిప్పండి. మీరు టార్చి పక్కనే నిలబడి చూడండి. కాయ పక్కభాగం మీవైపు తిరిగినప్పుడు ఎక్కువ వెలుగు కనపడుతుంది. ముచ్చిక మీవైపు తిరిగినప్పుడు తక్కువ కనపడుతుంది. కాయ ఒక చుట్టు తిరిగేలోగా వెలుగు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని అర మైలు దూరం పంపేశామనుకోండి. కాయ ఆకారం కనపడదు, చుక్కే కనపడుతుంది. అయినా ఆ చుక్క వెలుగు ఎంతసేపటికి పెరిగి తగ్గుతోందో గడియారంతో చూస్తే కాయ ఎంతసేపటికి ఒక చుట్టు తిరుగుతోందో చెప్పేయవచ్చు. హెచ్చుకూ తగ్గుకూ తేడా బాగా ఉంటే కాయ పొడుగ్గా ఉందనీ, తేడా లేకపోతే గుండ్రంగా ఉందనీ ఊహించవచ్చు. సమయాన్ని అడ్డంగా, వెలుగును నిలువుగా పెట్టి గీసిన ఈ గీతను 'కాంతి వక్రం' అంటారు.

దీపపుస్తంభాలు చేసేదీ ఇలాంటి పనే. అంతర్వేది దీపపుస్తంభం చూశారుగా? తీరం వెంట ప్రతి దీపపుస్తంభం వెలిగి ఆరే లయ వేరుగా ఉంటుంది. ఆ లయ చూసి నావికుడు 'ఇది ఫలానా రేవు' అని తెలుసుకుంటాడు. అదుపులో ఉన్న ఉపగ్రహం నిలకడగా వెలుగుతుంది. చచ్చిపోయిన ఉపగ్రహం, ఖాళీ రాకెట్టు గొట్టం పల్టీలు కొడుతూ పోతాయి గనక తళుక్కున మెరిసి, ఆరి, మళ్లీ మెరుస్తాయి.

ఇలాంటి చెత్తను లెక్కపెట్టటం ఎందుకంటారా? 2009 ఫిబ్రవరి 10న పనిచేస్తున్న ఇరిడియం ఉపగ్రహాన్ని, చచ్చిపోయిన కాస్మాస్ ఉపగ్రహం ఢీకొట్టింది. రెండూ తునాతునకలై వేల ముక్కలు అంతరిక్షంలో చెదిరిపోయాయి. ఒక్కొక్క ముక్క తుపాకిగుండు కంటె వేగంగా పోతుంది. మన వాతావరణ సూచన, తుఫాను హెచ్చరిక, టెలిఫోను, టెలివిజన్ అన్నీ ఉపగ్రహాల మీద ఆధారపడి ఉన్నాయి. తుఫాను వస్తోందని మూడురోజుల ముందు కోనసీమ బెస్తవాడికి తెలియాలంటే పైన ఉపగ్రహం క్షేమంగా ఉండాలి. శ్రీహరికోటలో ఇస్రో పెట్టిన ఒక రాడారు ఒకేసారి పది వస్తువులను వెంటాడగలదు. కాని రాడారుకు దూరం పెరిగినకొద్దీ చూపు గబగబా తగ్గిపోతుంది. దూరాన ఉన్నవాటికి కాంతే దిక్కు.

కాంతి వక్రం ఎంత ఘనకార్యం చేసిందో చూడండి. 2022 సెప్టెంబరు 26న అమెరికా 'డార్ట్' అనే నౌకను కావాలనే ఒక గ్రహశకలానికి గుద్దించింది. డిడిమాస్ అనే పెద్ద రాయి చుట్టూ డైమార్ఫాస్ అనే చిన్న రాయి, చంద్రుడిలాగా, 11 గంటల 55 నిమిషాలకు ఒకసారి తిరుగుతుండేది. గుద్దింది ఆ చిన్నదాన్ని. గుద్దితే దారి మారిందా లేదా? భూమికి కోటి కిలోమీటర్లకు పైగా దూరం! ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా ఆ రెండు రాళ్లూ కలిసి ఒకే చుక్క. కాని చిన్నది పెద్దదానికి అడ్డం వచ్చినప్పుడూ, దాని వెనక్కి పోయినప్పుడూ చుక్క వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గటాలను గడియారం పెట్టి లెక్కిస్తే ఇప్పుడు చుట్టు 11 గంటల 23 నిమిషాలకే పూర్తవుతోందని తేలింది. మనిషి ఒక ఆకాశవస్తువు దారిని మార్చటం అదే మొదటిసారి. ఆ సంగతి చెప్పింది ఒక చుక్క వెలుగులో వచ్చిన చిన్న తగ్గు.

పెద్ద బొగ్గా? చిన్న సున్నపు ఉండా?

వెలుగును బట్టి రాయి ఎంత పెద్దదో చెప్పవచ్చా? ఇక్కడ ఒక మోసం ఉంది. ముంగిట్లో చీకట్లో ఒక సున్నపు ఉండ, ఒక బొగ్గు ముక్క పెట్టి దూరంనుంచి టార్చి వేయండి. రెండూ ఒకే పరిమాణమయినా సున్నం బాగా కనపడుతుంది. బొగ్గు కూడా అంతే వెలుగుతో కనపడాలంటే అది చాలా పెద్దదిగా ఉండాలి. గ్రహశకలాల్లోనూ బొగ్గులాంటివి ఉన్నాయి; తమ మీద పడ్డ కాంతిలో నూటికి నాలుగైదు పాళ్లే తిప్పి పంపుతాయి. ఇరవై పాళ్లు పంపేవీ ఉన్నాయి. కాబట్టి వెలుగొక్కటే చూసి పరిమాణం చెబితే పొరపాటు పడతాం.

దీనికి మందు ఉంది. నల్లరాయి ఎండను మింగి వేడెక్కుతుంది. ఆ వేడి మన కంటికి కనపడని పరారుణ కిరణాలుగా బయటికి వస్తుంది. వేసవిలో నల్ల తారురోడ్డు మీద చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు! తిరిగి వచ్చిన వెలుగు ఎంత, వేడి ఎంత అని రెండూ కొలిస్తే పరిమాణం తేలిపోతుంది.

మూడవ ఆధారం: రంగు

గాజుపట్టకంలోంచి ఎండను పంపితే ఊదా నుంచి ఎరుపు దాకా రంగులు విడిపోతాయని మీరు చదువుకున్నారు. ఆ రంగుల పట్టీయే వర్ణపటం. ఉప్పు వేసిన నీళ్లు పొంగి గ్యాసు పొయ్యి మీద పడ్డప్పుడు నీలిమంట ఒక్కసారి పసుపుగా మారటం చూశారా? ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. ప్రతి మూలకానికీ ఇలా సొంత రంగుగీతలున్నాయి. మనుషులకు వేలిముద్రల వంటివి అవి.

ఈ వేలిముద్రల విద్యకు మన గడ్డ మీదే ఒక గొప్ప ఘట్టం జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం, మన కోనసీమ మీదుగా సాగి బంగాళాఖాతంలోకి దిగింది. ఫ్రాన్సునుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మనం ఇందాక చెప్పుకున్న పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలల వర్ణపటం చూసి, అవి మండుతున్న వేడి వాయువులనీ, అందులో హైడ్రోజన్ ఉందనీ తెలుసుకున్నారు. గ్రహణం లేకపోయినా ఆ గీతలను చూడవచ్చునని జాన్సెన్ మర్నాడే గుంటూరులో చేసి చూపించాడు. అప్పటి వర్ణపటంలో కనపడ్డ ఒక పసుపుగీత ఏ మూలకానికీ సరిపోలేదు. సూర్యుడిలోని ఆ కొత్త మూలకమే హీలియం. అది భూమి మీద దొరకటానికి 1895 దాకా ఆగవలసి వచ్చింది.

కాని గ్రహశకలాలు మండవు. అవి తిప్పి పంపేది సూర్యుడి వెలుగునే. మరి వాటి వేలిముద్ర ఎక్కడ? ఇలా ఆలోచించండి. ఒక అంగడివాడికి మీరు ప్రతి రంగు కాగితాలు వందేసి ఇచ్చారు. అతడు కొన్ని ఉంచుకుని తక్కినవి తిరిగి ఇచ్చాడు. ఎరుపు 25, పచ్చ 20, నీలం 12 తిరిగి వచ్చాయి. ఏ రంగులో ఎన్ని ఉంచేసుకున్నాడో చూస్తే అతడికి ఏది ఇష్టమో తెలిసిపోతుంది. సూర్యుడు ప్రతి రంగులో ఎంత పంపాడో మనకు తెలుసు. రాయి నుంచి ఎంత తిరిగి వచ్చిందో కొలుస్తాం. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే రాయి ఏయే రంగులను మింగిందో బయటపడుతుంది.

వాయువులు సన్నటి గీతలుగా మింగితే, రాళ్లలోని ఖనిజాలు వెడల్పాటి గుంటలుగా మింగుతాయి. ఆలివీన్, పైరాక్సీన్ అనే ఖనిజాలు ఎరుపుకు అవతల, కంటికి కనపడని పరారుణంలో ఇలాంటి గుంటలు పెడతాయి. ఆ గుంట ఎక్కడ ఉంది, ఎంత లోతు అన్నదాన్ని బట్టి ఇది ఫలానా రకం రాయి అని చెబుతారు.

ఈ జోస్యం నిజమో కాదో ఎవరైనా చూశారా? చూశారు. ఇటోకావా అనే గ్రహశకలం వర్ణపటం చూసి, భూమి మీద పడే ఒక మామూలు రకం ఉల్కల రాయే అది అన్నారు. జపాన్ నౌక హయబుసా 2005లో దాని మీద వాలి, 2010 జూన్‌లో దాని ధూళిని భూమికి తెచ్చింది. 1500కు పైగా రేణువులు దొరికాయి. పరీక్షిస్తే వర్ణపటం చెప్పిన మాటే నిజమయింది.

ఇంకొక చమత్కారం చూడండి. భూమితోపాటే సూర్యుడి చుట్టూ తిరిగే కామో ఓఅలేవా అనే చిన్న రాయి ఒకటి ఉంది. దాని వర్ణపటం గ్రహశకలాల కంటె మన చందమామ రాళ్లకు దగ్గరగా ఉందని 2021లో తేలింది. ఎప్పుడో చంద్రుడికి దెబ్బ తగిలి ఎగిరిపడ్డ ముక్క కావచ్చు. హైదరాబాదులో పెరిగిన రేణు మల్హోత్రా ఈ పరిశోధనలో పాల్గొన్నారు. ఆ రాయి ముక్క తెచ్చి చూడటానికి చైనా 2025 మే నెలలో ఒక నౌకను పంపింది.

చిక్కు విడింది

ఇప్పుడు 2020 ఎస్ ఓ దగ్గరికి తిరిగి వద్దాం. అది రాకెట్టయితే దాని తొడుగు స్టెయిన్‌లెస్ స్టీలు అయి ఉండాలి. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో విష్ణురెడ్డి బృందం ఈ పని చేపట్టింది. ఆయన మనదేశంలో పత్రికా విలేకరిగా పనిచేసి, ఆకాశం మీద మోజుతో శాస్త్రజ్ఞుడైన మనిషి. 2002లో ఆయన కనిపెట్టిన ఒక గ్రహశకలానికి 'భారత్' అని పేరు ఉంది.

హవాయిలోని పరారుణ టెలిస్కోపుతో ఆ చుక్క వర్ణపటం తీశారు. ప్రయోగశాలలో స్టీలురేకు వర్ణపటం తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పూర్తిగా కలవలేదు!

అయితే అది రాకెట్టు కాదా? తొందరపడకండి. వాళ్లు తప్పు ఎక్కడుందో ఆలోచించారు. ప్రయోగశాలలోది కొత్త రేకు. పైన ఉన్నది 54 ఏళ్లుగా ఎండకూ, అంతరిక్ష కిరణాలకూ మాడిన రేకు. కొన్న రోజున మీ ఇంటి మీద పరిచిన రేకునూ, యాభై ఏళ్ల ఉప్పుగాలి తిన్న పాతరేకునూ పక్కపక్కన పెడితే ఒకలాగే ఉంటాయా? పాతదాన్ని పాతదానితోనే పోల్చాలి. సెంటార్ రాకెట్టు ఒకటి 1971 నుంచి భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది. కష్టపడి దాన్ని వెతికి పట్టుకుని దాని వర్ణపటం తీశారు. 2020 డిసెంబరు 1న 2020 ఎస్ ఓ భూమికి దగ్గరగా వచ్చినప్పుడు మళ్లీ దాని వర్ణపటం తీశారు. రెండూ కలిశాయి. మన చుక్క రాయి కాదు. 1966 నాటి రాకెట్టే!

ఇందులో ఒక పాఠం ఉంది. మొదటి పోలిక కుదరనప్పుడు వాళ్లు లెక్కను బలవంతాన సరిపెట్టలేదు. అనుమానాన్ని వదిలిపెట్టనూ లేదు. పోల్చిన వస్తువు సరయినదేనా అని తమనే ప్రశ్నించుకున్నారు.

భయపడాలా?

2025 ఫిబ్రవరిలో పత్రికలు చూసినవారు కాస్త ఉలిక్కిపడ్డారు. 2024 డిసెంబరు 27న చిలీదేశంలోని టెలిస్కోపుకు దొరికిన '2024 వై ఆర్ 4' అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని తాకవచ్చన్నారు. తాకితే ఎక్కడెక్కడ పడవచ్చో చెప్పిన పట్టీలో మన దక్షిణాసియా కూడా ఉంది. తాకే అవకాశం నూటికి ఒక పాలు అన్నారు. తరువాత రెండు అన్నారు. ఫిబ్రవరి 18న మూడు పాళ్లు దాటింది. వారం తిరక్కుండా "ఏమీ లేదు, ఇక భయం లేదు" అన్నారు. శాస్త్రజ్ఞులు మాట మార్చారా?

లేదు. గోదావరి వరదలో ఒక దుంగ కొట్టుకువస్తోందనుకోండి. మీ రేవు వెడల్పు ఒక గజం. దుంగ చాలా దూరాన ఉంది గనక ఎక్కడ ఒడ్డుకు తగులుతుందో సరిగా తెలియదు. ఫలానా నూరు గజాల మేర ఎక్కడైనా తగలవచ్చు. అంటే మీ రేవుకు తగిలే అవకాశం నూటికి ఒకటి. దగ్గరికి వచ్చింది. ఇప్పుడు అంచనా ముప్పై గజాలకు తగ్గింది; మీ రేవు ఇంకా అందులోనే ఉంది. అవకాశం ముప్పైకి ఒకటి! ఇంకా దగ్గరికి వచ్చింది. పది గజాల లోపల అని తేలింది, కాని మీ రేవు ఆ పదింటిలో లేదు. అవకాశం సున్న. దుంగ దారి మార్చలేదు. మన చూపు పదునెక్కింది, అంతే. అవకాశం పెరిగి పెరిగి ఒక్కసారి పడిపోవటం మంచి కొలతల గుణమే.

తరువాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు దాని వేడిని కొలిచింది. అడ్డుకొలత సుమారు 60 మీటర్లు అని చెప్పింది. బొగ్గా, సున్నమా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది.

మీరూ చేసి చూడండి

ఒక పాత సీడీ పళ్లాన్ని తీసుకోండి. రాత్రి గదిలో ఒకే ఒక దీపం వెలిగించి, ఆ వెలుగు సీడీ మీద పడి రంగులు కనపడేటట్టు వాలుగా పట్టుకోండి. కిరసనాయిల్ దీపం, ట్యూబులైటు, ఎల్ఈడీ బల్బు ఒకదాని తరువాత ఒకటి చూడండి. ఒకదానిలో రంగులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఒకదానిలో విడివిడి పట్టీలుగా ఉంటాయి. తేడాలను పుస్తకంలో గీసుకోండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా గాని, సీడీలో గాని, టెలిస్కోపులో గాని ఎన్నడూ చూడవద్దు. చూపు పోతుంది.

వీధిదీపాలకు దూరంగా, మేడ మీద గాని సముద్రపు ఒడ్డున గాని, పొద్దుగూకిన గంటకు పెద్దవాళ్లతో కూర్చోండి. కదిలే చుక్క కనపడితే ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు పోయింది, ఎన్ని సెకన్లకు ఒకసారి మెరిసింది, ఎక్కడ ఆరిపోయింది అని రాసుకోండి. నెల రోజుల్లో మీ పుస్తకమే మంచి పట్టిక అవుతుంది. టెలిస్కోపులు తీసిన ఆకాశపు ఫొటోలను బడిపిల్లలకు పంపి, కదిలే చుక్కలను వెతికించే అంతర్జాతీయ కార్యక్రమం కూడా ఒకటి ఉంది. మీ సైన్సు మాస్టారిని అడగండి. పాగ్సన్ కళ్లు చిల్లులు పడేలా చేసిన పనిని మీరు కంప్యూటరు ముందు కూర్చుని చేయవచ్చు.

చివరగా ఒక తేదీ రాసిపెట్టుకోండి: 2029 ఏప్రిల్ 13. ఆ రాత్రి, మన గడియారం ప్రకారం తెల్లవారితే 14 అనగా మూడుగంటల వేళ, అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి 32 వేల కిలోమీటర్ల దూరంలోకి వస్తుంది. మన టెలివిజన్ ఉపగ్రహాలు తిరిగే 36 వేల కిలోమీటర్ల ఎత్తుకంటె ఇది దగ్గర! అడ్డుకొలత సుమారు 340 మీటర్లు. 2004లో దొరికిన కొత్తలో ఇది కూడా గుబులు పుట్టించింది. వంద ఏళ్లదాకా దీనితో భయం లేదని 2021లో తేల్చి చెప్పారు. యూరపు, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో చాలాచోట్ల అది టెలిస్కోపు లేకుండానే చుక్కలా నడిచిపోతూ కనపడుతుంది. ప్రపంచమంతటా టెలిస్కోపులు దానివైపు తిరిగి ఉంటాయి.

అప్పటికి మీకు ఎన్నేళ్లుంటాయో లెక్కవేసుకోండి. ఆ టెలిస్కోపుల దగ్గర కూర్చునేవాళ్లలో అంతర్వేది ఇసుకలో "నీకెలా తెలుసు?" అని అడిగిన మీ తమ్ముడు కూడా ఏనాటికైనా ఉండకూడదని ఏముంది?